ఆకు మానుకున్న అంకన్నకు కంభం సభలో చెప్పిన మాటలు

సభకు అధ్యక్షత వహించిన వకీలు నరసింహులు గారికి, వారి పక్కన ఆసీనులైన మన ఆస్పత్రి డాక్టరు ఏసురత్నం గారికి, ఈ ఎండలో పల్లెల నుంచి బండ్లు కట్టుకుని, బండ్లు లేనివాళ్ళు నడిచి వచ్చిన పెద్దలకు, ముందు వరసలో బెంచీలు ఖాళీగా ఉన్నా గోడవారనే నిలబడి చూస్తున్న అక్కలకు, పిన్నమ్మలకు, అందరికన్నా ముఖ్యంగా ఎవరైనా వచ్చి లెమ్మంటారేమోనన్నట్లు ఆ కుర్చీ అంచున కూర్చున్న అంకన్న మామకు, ఆయన ఇల్లాలు సుబ్బులత్తకు నా నమస్కారాలు.

నేను ఓబులేసు కూతురు వెంగమాంబను. మద్రాసులో బి.ఏ. చదివి వచ్చినాను. వచ్చి సంవత్సరం దాటింది గనుక ఇప్పుడేం చేస్తున్నావని మీరు అడగవచ్చు, అడుగుతూనే ఉన్నారు. ఇదిగో, సభల్లో మాట్లాడుతున్నాను. (నవ్వులు)

ముందుగా ఒక సంగతి మనవి చేయాలి. ఈ సభ ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు. పిచ్చికుక్క కాటుకు ఆకు మందు ఇచ్చే పని అంకన్న మామ మానుకున్నాడు, ఆయన తండ్రి, తాతల నుంచి వచ్చిన ఆ పనికి మర్యాదగా వీడ్కోలు చెప్పాలని మన పఠన మందిరం వారు తీర్మానించినారు. ఆ వీడ్కోలు మాటలు నేనూ రాసుకుని వచ్చినాను. అయితే లోపలికి వస్తుంటే వాకిట్లో సుబ్బులత్త నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. వెలిగండ్ల అవతలి పల్లెలో ఆదెమ్మ అని ఒకామెను కుక్క కరిచింది. ఆ కుక్క చచ్చింది. ఆమె సూది వేయించుకోలేదు. ఇంట్లో పడుకుని ఉంది. మామకు ఈ సంగతి ఇంతవరకూ తెలియదు. చూడండి, ఇప్పుడు వింటున్నాడు.

మామా, కూర్చో. ఇప్పుడే లేచి ఏం చేస్తావు, మోటారు లేదు. నన్ను ముందు పిలవమని అధ్యక్షులవారిని అడిగినాను. వారు క్రమం తప్పని మనిషి, ఇద్దరు వక్తల తరువాతనే పిలిచినారు. అయినా వారు గొప్ప మేలు చేసినారు. తమ మోటారు ఇస్తామన్నారు. డ్రైవరు భోజనానికి పోయినాడట, మనిషిని పంపినారు. ఆ మోటారు వాకిట్లోకి వచ్చేదాకా నేను మాట్లాడతాను. వచ్చినాక ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడను. మా నాయన ఇది నమ్మడు. (నవ్వులు)

ఆదెమ్మ సంగతి మీకు అర్థం కావాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా చిన్నాయన పిచ్చయ్య ఇక్కడున్న చాలామందికి తెలుసు. చెరువు కింద మడిలో నీళ్ళు కట్టేటప్పుడు పాటలు పాడేవాడు, ఒక్క పాటా పూర్తిగా రాదు. నేను మద్రాసులో ఉన్నప్పుడు ఆయనను కుక్క కరిచింది. అంతకుముందు కాలంలో అయితే ఇట్లాంటివాళ్ళు సూది మందు కోసం రైలెక్కి నీలగిరి కొండల్లోని కూనూరుకు పోవలసి వచ్చేది. తెలియని భాష, ఎముకలు కొరికే చలి. పోయినవాడు తిరిగి వస్తాడో రాడోనని ఇంట్లో ఏడ్చి పంపేవాళ్ళు. మా చిన్నాయనకు ఆ కష్టం కూడా లేదు. అప్పటికే ఆ మందు కూనూరు నుంచి పార్సెలులో మన ఆస్పత్రికి వస్తున్నది. మా ఇంటి నుంచి ఆస్పత్రికి పోవడమంటే ఈ వీథి దాటడమే.

ఆయన వీథి దాటినాడు కూడా. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. డాక్టరు గారు సూది మరిగించుకుని బయటికి వచ్చేసరికి బెంచీ మీద మనిషి లేడు. ఎందుకంటే అంతకుముందే ఆయన అంకన్న మామ దగ్గర ఆకు మింగినాడు. ఆకు మింగినవాడికి పథ్యం ఉంది. ఉప్పు తినకూడదు, పొలిమేర దాటకూడదు, ఒంటికి ఇనుము తగలకూడదు. సూది ఇనుమే గదా. కూర్చుని, ఆలోచించుకుని, పథ్యం చెడుతుందని లేచి ఇంటికి వచ్చినాడు.

తరువాత ఏమైందో నేను చెప్పను. నీళ్ళ చెంబు చూస్తేనే గొంతు పట్టుకుపోయే చావు అది. చూసినవాళ్ళు ఇక్కడున్నారు. మా పిన్నమ్మ ఆ గోడ దగ్గరే నిలబడి ఉంది.

సెలవుల్లో వచ్చినప్పుడు నేను తిన్నగా అంకన్న మామ గొర్రెల దొడ్డికి పోయినాను. సన్మాన సభలో ఇట్లాంటి మాట చెప్పవచ్చునో లేదో నాకు తెలియదు, కానీ చెప్పకుండా ఈయనను పొగిడితే ఆ పొగడ్తకు బరువుండదు. "మా చిన్నాయనను నువ్వే చంపినావు" అన్నాను. ఆయన నా మొగం చూసి, "ఎండన పడి వచ్చినావు, కూసో పాపా" అన్నాడు. సుబ్బులత్త మాత్రం ఊరుకోలేదు. చేతిలో ఉన్న మజ్జిగ ముంత కింద పెట్టి మరీ అందుకుంది.

"ఏంది పాపా, పట్నంలో సదివితే పెద్దోళ్ళను ఇట్ల మాట్లాడమని చెప్తారా? మా మామ కాలం నుంచి ఇస్తుండాం. బతికి తిరిగేటోళ్ళు ఊరూరా ఉండారు. పోయి ఆళ్ళను అడుగు."

నేను నాకు తెలిసిన శాస్త్రమంతా చెప్పినాను. కరిచిన ప్రతి కుక్కా పిచ్చికుక్క కాదు. పిచ్చిది కాని కుక్క కరిస్తే ఆకు మింగినా బతుకుతారు, మింగకున్నా బతుకుతారు. పిచ్చిదే కరిస్తే, విషం తలకెక్కకముందే సూది మందు పడాలి, ఎక్కినాక ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. ఇట్ల ఇంకా చాలా చెప్పినాను. నేను చెప్పడం మొదలుపెడితే మీకు తెలుసు గదా.

అంకన్న మామ అంతా విన్నాడు. గొర్రెల మందలో కలిసిన మేకపిల్లను ఒకదాన్ని పట్టి అవతల వదిలినాడు. తిరిగి వచ్చి అడిగినాడు: "అయితే పాపా, నేను బతికిచ్చింది ఎవరిని?"

పోట్లాడటానికి పోయినదాన్ని, ఆ మాట విని మజ్జిగ తాగి ఇంటికి వచ్చినాను.

ఇక ఆయన మనుమరాలి సంగతి. ఆ ఏడే చలికాలంలో అడవి నుంచి ఒక నక్క పట్టపగలు దొడ్డిలోకి వచ్చింది. మనుషులకు బెదరని నక్క అంటే ఏమిటో గొర్రెలు కాసేవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. కట్టె పట్టుకుని తరిమేలోగా మనుమరాలు రంగి ముంజేతి మీద కరిచి పోయింది. అంకన్న మామ ఆకు నూరుకుని వచ్చినాడు. చెయ్యి పిల్ల నోటి దాకా పోయింది. అక్కడ సుబ్బులత్త ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ మాటలు ఆమే నాకు చెప్పింది, ఉన్నదున్నట్లు చెప్తున్నాను.

"మీ నాయన నీకు ఏమని చెప్పిపోయినాడు?"

"ఆకు మింగినాక ఇనుము తగలగూడదని."

"మింగినాక. మింగకముందు తగలగూడదని యాడన్నా చెప్పినాడా?"

మామ ఆలోచించినాడు. "చెప్పలే."

"అయితే ఆ ఆకు కింద బెట్టు. ముందు డాకటేరు దగ్గర పొడిపిచ్చుకుని వచ్చాం. అయిపోయినాక నీ ఆకు ఎంతన్నా పెట్టు, నేను అడ్డం రాను."

(నవ్వులు, చప్పట్లు) అధ్యక్షులవారు కూడా నవ్వుతున్నారు. చట్టంలో ఇట్లాంటి సందు కనిపెట్టినవాళ్ళకు మద్రాసు హైకోర్టులో పెద్ద పేరు వస్తుంది. ఇక్కడ ఆమెకు దక్కింది మనుమరాలు.

రంగికి పొట్ట మీద వరసగా సూదులు వేసినారు. రోజూ మామ ఆస్పత్రి మెట్ల మీద కూర్చునేవాడు. ఈ మందు దేనితో చేస్తారని ఒకరోజు డాక్టరు గారిని అడిగినాడు. గొర్రె మెదడుతో చేస్తారని డాక్టరు గారు చెప్పినారు. అప్పుడు మామ మొగం చూడవలసింది. "గొర్రెదా? మా గొర్రెదా?" అని రెండుమార్లు అడిగి, మెట్ల మీద ఉన్నవాళ్ళందరికీ చెప్పి వచ్చినాడు. (నవ్వులు) మాంసం ముట్టని ఇండ్లవాళ్ళు కూడా ఈ సభలో ఉన్నారు, వాళ్ళు ఈ మాట వినలేదనుకుని మరిచిపోవాలి. కుక్క కరిచిన రోజు ఆ సంగతి అసలే గుర్తు చేసుకోవద్దు.

ఇంకొకరోజు, "సామీ, కరిసినాక వేసే బదులు కరవకముందే ఏసేస్తే పోదా? అడివి పక్కన ఉండేటోళ్ళం" అని అడిగినాడు. నిజానికి అది మా కాలేజీలో అడగవలసిన ప్రశ్న. డాక్టరు గారు తమ గుంటూరు మాటల్లో, "మనుషులకు ముందుగా వేసే మందు మా దగ్గర లేదు అంకన్నా. ఎప్పటికైనా వస్తుందేమో. కుక్కలకైతే ముందే వేయవచ్చు, పెద్ద ఊళ్ళలో వేస్తున్నారు కూడా" అని చెప్పినారు. అంతే. మరునాడు పొద్దున ఆస్పత్రి ఆవరణలో మామ మందకు కాపలా ఉండే కుక్కలన్నీ తాళ్ళతో బారులు తీరి ఉన్నాయి. కట్టు మార్పించుకోవడానికి వచ్చిన రోగులు గోడ దూకి పోయినారు. కాలు విరిగి వచ్చినాయన కూడా దూకినాడని అంటారు, అది నేను చూడలేదు. (పెద్దగా నవ్వులు) డాక్టరు గారికి కోపం వచ్చింది. కానీ ఆ మధ్యాహ్నమే పశువుల డాక్టరుకు ఉత్తరం రాసినారు. పోయిన ఏడు మామ కుక్కలకు సూదులు పడినాయి. ఈ తాలూకాలో కరవకముందే సూది పడిన ప్రాణులు, నాకు తెలిసి, అవే.

రంగి బతికింది. ఆ తరువాత మామ దగ్గరికి ఎవరు వచ్చినా ఆయన ముందు కాటు చూసేవాడు. కుంకుడు నీళ్ళతో కడిగించేవాడు. సున్నం, కారం పెట్టుకుని వస్తే తిట్టేవాడు. "ఆస్పత్రిలో సూదులన్నీ అయినాక రాండి, అప్పుడు ఆకు ఇస్తా" అని పంపేవాడు. వాళ్ళు పోయేవాళ్ళు. డాక్టరు గారు దండోరా వేయించినా రానివాళ్ళు, నేను ఊరూరా తిరిగి కాగితాలు పంచినా రానివాళ్ళు, ఆయన చెయ్యి చూపిస్తే వరసగా వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. మామా, దొడ్డిలో నువ్వు అడిగిన మాటకు ఆనాడు నా దగ్గర జవాబు లేదు. వీళ్ళనే నువ్వు బతికించింది. ఇంతకాలం చెప్పనందుకు ఏమీ అనుకోవద్దు, నాకూ ఈ మధ్యనే తెలిసింది.

ఇప్పుడు ఆదెమ్మ దగ్గరికి వస్తాను.

ఆకు ఎట్లనూ చివరనే గదా, దానితో ఇక పనేముంది, పూర్తిగా మానిపిస్తే చదువుకున్న ఊరనిపించుకుంటామని మనం అనుకున్నాము. డాక్టరు గారు అడిగినారు, మామ సరేనని మాట ఇచ్చినాడు. ఇచ్చిన మాట మీద నిలబడే మనిషి. పోయిన సంతనాడు ఆదెమ్మను బండిలో వేసుకుని ఆమె మొగుడు, అత్త వచ్చినారు. మామ గడప దగ్గరే నిలబడి, "నేను మానుకున్నా, ఆస్పత్రికి పోండి" అని లోపలికి పోయినాడు. కాటు చూడలేదు. చూస్తే మళ్ళీ పని మొదలైనట్లేనని భయపడినాడు. ఇందులో ఆయన తప్పు ఏమీ లేదు. ఇంగ్లీషు తెలిసిన మనకు ఆ మాట ఆస్పత్రికి దారి చూపినట్లే ఉంటుంది.

కానీ ఈ తాలూకాలో ఆకు ఇచ్చే ఇంటికి ఒక ఆనవాయితీ ఉంది. పెద్దలు తల ఊపుతున్నారు, మీకు తెలుసు. ఆ గడప తొక్కినవాడికి ఎన్నడూ లేదనరు. పగవాడైనా లేదనరు. ఒక్కరికే లేదంటారు, ఇక బతకడని తేలిపోయినవాడికి. అప్పుడు కూడా చచ్చిపోతావని నోటితో చెప్పరు. కాటు చూడకుండా, మొగం తిప్పుకుని లోపలికి పోతారు. వచ్చినవాళ్ళు అర్థం చేసుకుని బండి వెనక్కి తిప్పుకుంటారు.

వాళ్ళు బండి వెనక్కి తిప్పుకున్నారు.

(సభలో కలకలం. అంకన్న లేచి నిలబడినాడు.)

ఆస్పత్రి మీదుగానే పోయినారు. ఆగలేదు. అంకన్నే మొగం తిప్పుకున్నాక ఆస్పత్రిలో ఏముంటుందనుకున్నారు. ఆదెమ్మ తన ఇద్దరు పిల్లలను పుట్టింటికి పంపించేసిందట, తన దగ్గర ఉండకూడదని. ఇవాళ పొద్దున వెలిగండ్ల నుంచి చింతపండు తెచ్చినాయన ఈ మాట సుబ్బులత్తకు చెప్పినాడు. ఇప్పటికి ఆమె బాగానే ఉంది. నడుస్తుంది, నీళ్ళు తాగుతుంది, చావు కోసం కూర్చుని ఉంది. డాక్టరు గారూ, ఇంకా వేళ ఉందా?

(డాక్టరు గారు: "కాటు కాలి మీదైతే ఉంది. తొందరగా తేవాలి. మందు ఆస్పత్రిలో సిద్ధంగా ఉంది.")

విన్నారు గదా. ఇప్పుడు మేము ఎవరం పోయి చెప్పినా ఆమె రాదు. నేను పోతే చదువుకున్న పిల్ల ఏదో చెప్తుందంటారు. డాక్టరు గారు పోతే దండం పెట్టి పంపేస్తారు. మామ ఆమె మంచం దగ్గరికి పోయి, వంగి, ఆ కాటు చూడాలి. చూసి, బతుకుతావు లెమ్మని చెప్పాలి. ఆ మాట ఈ తాలూకాలో ఆయన ఒక్కడి నోటి నుంచి వస్తేనే చెల్లుతుంది.

(అంకన్న: "నేను మానుకున్నా గద పాపా. డాకటేరు గారికి మాట ఇచ్చినా.")

డాక్టరు గారూ, మీరే చెప్పాలి.

(డాక్టరు గారు లేచి: "అంకన్నా, నేను మానమన్నది ఆకు. కాటు చూడటం మానమని నేను అనుకోలేదు, కానీ ఆ రెండూ నీకు విడదీసి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నీ గడప మూయవద్దు. చూడు, కడిగించు, నా దగ్గరికి పంపు. ఇచ్చిన మాట నాకు వద్దు, వెనక్కి తీసుకో.")

మామ ఇంకా కదలడం లేదు. ఏంది మామా?

(అంకన్న: "కుక్క సచ్చిందా, సంపినారా?")

(సుబ్బులు, గోడ దగ్గర నుంచి: "అదే సచ్చింది, పిచ్చిదే. నువ్వు ఈడ దండలేసుకుని అడుగుతాండు. పద.") (నవ్వులు)

అదిగో, హారను. డ్రైవరు వచ్చినాడు. మాట ఇచ్చినట్లుగా ఇక ముగిస్తాను, ఒక్క రెండు మనవులు మిగిలినాయి.

మొదటిది మీకు. మీ పల్లెలకు పోయినాక అంకన్న ఆకు మానుకున్నాడని మాత్రమే చెప్పవద్దు. అంత మాట చెప్పి ఊరుకుంటే ఇంకో ఆదెమ్మ తయారవుతుంది. ఆయన కాటు చూస్తాడు, ఎవరినీ లేదనడు, సూదికి పంపిస్తాడని చెప్పండి. మన పక్క ఇట్లాంటి కబురు మోటారుకన్నా ముందు పోతుందని నాకు తెలుసు, ఈసారికి సరిగ్గా పోనివ్వండి.

రెండవది అధ్యక్షులవారికి. ఇప్పుడు మీరు లేచి మామకు శాలువా కప్పి, వందన సమర్పణ చేసి, సభ ముగిసిందని ప్రకటించాలి. కార్యక్రమం అట్లే ఉంది. కానీ శాలువా కప్పించుకోవలసినవాడు వాకిట్లో మోటారు తలుపు తీయడం రాక తంటాలు పడుతున్నాడు. వకీలు గారు గనుక వారికి తెలిసిన మాటే వాడుతున్నాను, ఈ సభను వాయిదా వేయండి. శాలువా మడత విప్పవద్దు. ఆదెమ్మ ఆస్పత్రి నుంచి నడిచి వచ్చే రోజు మళ్ళీ కూడుదాం, శాలువా ఆమె చేత కప్పిద్దాం. ఆమె రాకపోతే, ఆ రోజు మనం సన్మానాలు చేసుకునే మనుషులం కాము.

మోటారు ఇచ్చిన అధ్యక్షులవారికి, అందరి ఎదుటా తన మాట తాను దిద్దుకున్న డాక్టరు గారికి, నన్ను వాకిట్లో ఆపిన సుబ్బులత్తకు, ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మా పిన్నమ్మ కూడా మోటారు దగ్గరికి పోతున్నది, ఆదెమ్మ పక్కన కూర్చోవడానికి తానూ వస్తానంటుంది. నన్నూ రమ్మని చెయ్యి ఊపుతున్నారు. సెలవు.